కలువ పేరుతో మూడు నెలల వెదుకులాట

2011 జూన్ 14, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. సన్నని తుంపర. రేడియో మేస్త్రీ సాంకేతిక కళాశాల గ్రంథాలయపు మెట్లెక్కేసరికి అతని చొక్కా భుజాలు తడిసి ముద్దయినవి. సంచిలో చుట్టి చంకన పెట్టుకొన్న ఫ్లాపీ మాత్రం పొడిగా ఉన్నది.

ఆ ఫ్లాపీలో అతని అక్క గొంతు ఉన్నది. నరాల జబ్బు ఆమె కాళ్లను, చేతులను, మాటను ఒక్కొక్కటిగా తీసుకొనిపోయి కుడి చూపుడువేలిని మిగిల్చింది. బావ తాను కన్నుమూయకముందే ఆ వేలికింద ఒక మీట అమర్చి, తెరమీద ఒక్కొక్కటిగా వెలిగే అక్షరాలలో కావలసినదానిదగ్గర నొక్కితే ఆ మాటను కంప్యూటరు పలికే ఏర్పాటు చేశాడు. ఆ ఏర్పాటుకు అతడు వాడినది ఆజ్ఞలు వరుసగా రాయనక్కరలేని ఒక కంప్యూటరు భాష. తెరమీద పెట్టెలు గీసి గీతలతో కలిపితే సమాచారం ఒకదానిలోనుంచి మరొకదానిలోకి పారుతుంది. మార్చిలో ఆ కంప్యూటరు కాలిపోయింది. కొత్తదానికి ఆ భాష రాదు. ఆ వేలు కూడ ఎక్కువకాలం కదలదని డాక్టరు తేల్చి చెప్పాడు.

ఆ భాషను చేసినవారు తెలుగువారేననీ, దాని మూలం, అంటే సోర్స్ కోడ్, ఉచితమనీ బావ అన్న మాట ఒక్కటే ఆధారం. ఫ్లాపీమీద ఇంగ్లీషు అక్షరాలలో పేరున్నది: కె, ఎ, ఎల్, యు, వి, ఎ.

"కలువ అనే భాషమ్మా," అన్నాడు గ్రంథపాలకురాలితో. "మూడు నెలల్నించి ఇంటర్నెట్లో వెతుకుతున్నా, అన్నీ పూలే వస్తున్నాయి. పూలు పెడితే మా అక్క మాట్లాడదు కదమ్మా!"

ఆమె కళ్లజోడు సవరించుకొని ఫ్లాపీని తిప్పి చూసింది. "కలువని ఎవరు చెప్పారయ్యా? నీళ్లు ఎందులో పారతాయి?"

అతడు నోరు తెరిచాడు. "కాలువ!"

"దీర్ఘం మింగేశావు నాయనా. ఈ పేరు పెట్టిన మా మేష్టారు వింటే నీచేత మళ్లీ గుణింతం దిద్దించేవారు."

మేస్త్రీ నవ్వబోయి ఏడ్చాడు. ఒక్క దీర్ఘం కింద అక్క మూడు నెలల మాటలు నలిగిపోయినవి.

ఆమె బీరువాలోనుంచి తీసిన మేష్టారి పరిశోధనగ్రంథం అట్టలోపల, కాలువ మూలమంతా ఉన్న సీడీ ఉన్నది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఊరికే పంచుకోవచ్చు అని దానిమీద రాసి ఉన్నది.

దానిని కొత్త కంప్యూటరుకు ఒప్పించడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. వేలు అంతకు రెండు రోజుల ముందే ఆగిపోయింది.

"నొక్కక్కా. ఒక్కసారి. నీకు దణ్ణం పెడతా."

మీట కదలలేదు. అతడు మంచపుకోడుకు తల ఆనించి కూలబడ్డాడు. కొంతసేపటికి తల ఎత్తి చూస్తే, చిన్నప్పుడు తనను వెక్కిరించినట్టే అక్క కుడి కనుబొమ ఎగరేస్తున్నది.

మీటను కనుబొమకు కట్టాడు. అయినా పలకలేదు. అరక్షణంకన్న చిన్న కదలికను వణుకుగా ఎంచి పారవేసే వాక్యం భాష మూలంలోనే ఉన్నది. ఆ మూలం తన చేతిలో ఉన్నది గనుక, వెదకి వెదకి దానిని తీసివేశాడు.

"ఇంతసేపట్రా, మొద్దూ?" అన్నది కంప్యూటరు.

అక్క అయిదు నెలలు కనుబొమతో మాట్లాడి, డిసెంబరు 9న పోయింది. గ్రంథపాలకురాలు మరుసటి ఏడు ఉద్యోగవిరమణ చేసింది. మేస్త్రీ మార్చిన కాలువ ప్రతి ఒకటి ఆ గ్రంథాలయంలో, మేష్టారి సీడీ పక్కన ఉన్నది. దానిని ఇప్పటికి నలుగురు అడిగి తీసుకొనిపోయినారు. అతడు రేడియోలు బాగుచేస్తున్నాడు.