కొడుకున్నవాళ్లకు రాదన్నాను

రూపాయి ఖర్చు లేకుండా, ఒక్క మాటతో, మూడేళ్లపాటు చవక కూలికి మనిషిని కట్టిపడేశాను. మా బజారులో ఇంత లాభసాటి బేరం ఇంకెవరూ చేసి ఉండరు. ఆ బేరమే ఇన్నాళ్లుగా గొంతుకు అడ్డంపడ్డ మిరపగింజలా ఉండిపోయింది. పేరు అడగకండి. వినండి చాలు.

గుంటూరు దగ్గర పల్లెలో మాది కిరాణా కొట్టు. సీజన్లో మిరపకాయలు కూడా కొనేవాణ్ణి. రాశిలోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరడానికి మరియమ్మ వచ్చేది. భర్త పోయిన మనిషి. వానాకాలం నా కొట్లో బియ్యం అప్పు తీసుకుని, పంట వచ్చాక కాయలు ఏరి తీర్చేది. కూలి మాత్రం నా రేటు. అంటే ఊళ్లో ఇచ్చేదాంట్లో సగం.

ఒకరోజు మండలాఫీసు నుంచి దరఖాస్తు కాగితం తెచ్చుకుంది. ఊళ్లో అలాంటివి చదివిపెట్టేది నేనే.

"బాబుగారూ, మొగుడు పోయినోళ్లకి నెలకి రెండొందలు ఇస్తన్నారంటగా. నాకొచ్చిద్దేమో చూడండి."

చూశాను. రెండుసార్లు చదివాను. తెల్లకార్డు, భర్త పోయినట్టు సర్టిఫికెట్ ఉంటే చాలు. రెండూ ఆమెకున్నాయి. వస్తుంది. వస్తే? వచ్చే వానాకాలం నా గడప తొక్కుతుందా? సగం కూలికి ఏరుతుందా?

"నీకు కొడుకున్నాడుగా. కొడుకున్నోళ్లకి రాదమ్మా."

"ఆడా? తాగి పడుండేవోడు కూడా ఒక లెక్కేనా బాబూ?"

"అదంతా గవర్నమెంటుకెందుకు? ఉన్నాడా, లేడా?"

"ఉన్నాడు," అంది, తనే ఏదో తప్పు చేసినట్టు. కాగితం మడిచి రొంటిన దోపుకుని కాయల ముందు కూర్చుంది.

మూడేళ్ల తర్వాత చర్చి టీచరమ్మ ఎవరో ఆ కాగితం చదివి, నింపి, పంపించింది. పింఛను వచ్చింది. మొదటి డబ్బుతో మరియమ్మ నా కొట్టుకే వచ్చి పావుకిలో పంచదార అడిగింది. తల ఎత్తకుండా తూకం వేశాను.

"అప్పుడు రూలు అట్టా ఉండుంటది బాబుగారూ. ఇప్పుడు మారినట్టుంది," అంది.

నా తప్పుకు సాకు కూడా ఆమే వెతికిపెట్టింది. నేనేం చేశాను? "అవును, మారింది," అన్నాను. మొదటి అబద్ధం ఆశకొద్దీ ఆడాననుకున్నా, ఈ రెండోదాన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు.

ఈ లెక్క ఎప్పుడూ పైకి అనలేదు. ఇప్పుడు వేస్తున్నాను. ముప్పై ఆరు నెలలు, నెలకు రెండు వందలు: ఏడు వేల రెండు వందలు. ఇది మరియమ్మది. కూలిలో మిగుల్చుకున్న సగం వేరే. నా మాట ఆమె నోట విని, తమకూ కొడుకులున్నారుగా అని దరఖాస్తే పెట్టనివాళ్లు మరియమ్మ ఉండే పేటలో ఇంకో ఇద్దరు. వాళ్లలో సుగుణమ్మ ఏమీ అందకుండానే పోయింది. ఆమెకు ఎన్ని నెలలు వేయాలి?

నేను తిరిగి ఇచ్చింది, సున్నా. ఆ రోజు పంచదార డబ్బులు కూడా తీసుకున్నాను.