నిన్న ఏం తింటివి మా?

ఈ రోజు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయి, మధ్యాహ్నం స్నేహితుడు ఓబుళేశు ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. అతని కూతురు శిరీష డైటీషియన్ కావాలని యూనివర్సిటీలో చదువుతోంది. సెలవులకు వచ్చింది.

"అన్నం ఎట్ల తినల్లో చెప్పేదానికి గూడా ఓ చదువంట అన్నా!" అని ఓబుళేశు ఎగతాళి చేశాడు. నాకు ఒళ్లు మండింది. నేను వాదనకు దిగేలోపే ఆ పిల్ల, మాకు వడ్డిస్తున్న తల్లి వైపు తిరిగింది. ఆమెకు రక్తం తక్కువగా ఉందని మొన్ననే ఆసుపత్రిలో చెప్పారట.

"మా, నిన్న ఏమేం తింటివి?"

"పొద్దున ఉగ్గాని. మద్యాన్నం పప్పు, గుడ్లకూర. రాత్రికి రొట్టెలు, వంకాయ."

"అది నువ్వు వండింది. నువ్వు తినింది చెప్పు."

తల్లి నవ్వేసింది. "ఏందే నీ పరీచ్చ! మీరంతా తిన్న్యాక కూర యాడ మిగుల్తాది? ఇంత మజ్జిగ పోసుకోని తింటి."

"అడిగి ఏసుకోవల్ల గదా!" అన్నాడు ఓబుళేశు.

"ఎవుర్ని అడగల్ల నాయనా? వండేది ఆమె, పెట్టేది ఆమె." అంది కూతురు.

శిరీష ఇంకో కంచం తెచ్చి, తల్లిని మా పక్కనే కూర్చోబెట్టి కూర వడ్డించింది. "అన్న తిననీలే" అంటూ ఆమె లేవబోతే, ఓబుళేశే చేయి పట్టి ఆపాడు. "కూచో మే."

ఇదీ ఒక చదువేనా అనుకునే మహానుభావులారా, ఈ రాత్రి మీ ఇంట్లోనూ అదే ప్రశ్న అడగండి. వండినవి చెబితే ఒప్పుకోకండి. వచ్చిన జవాబు కింద రాయండి. పోట్లాడాలనుకుంటే నేనిక్కడే ఉన్నాను.