గవ్వకు పడే తిండి

ఆ ఆదివారం పొద్దున పుణ్యవతి చందానగర్ మార్కెట్లో మటన్ దుకాణం ముందు పావుగంట నిలబడింది. యాభై ఏడేళ్లు వచ్చినా అలాంటి దుకాణం దగ్గర ఆగడం ఆమెకు అదే మొదలు. ఎప్పుడైనా ఆ సందులోంచి పోవాల్సి వస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తల అవతలికి తిప్పుకుని గబగబా దాటిపోయేది. ఇవాళ కూడా కొంగు ముక్కుకు అడ్డం ఉంది గానీ కాళ్లు కదలడం లేదు. వచ్చినవాళ్లు తీసుకుని వెళ్లిపోతున్నారు. ఆమె మాత్రం కరెంటు స్తంభం పక్కనే ఉండిపోయింది.

లోపల లింగయ్య మాంసం కొడుతుంటే అతని భార్య కొమురమ్మ తూకం వేసి కవర్లలో కట్టి ఇస్తోంది. జనం కాస్త పలచబడ్డాక కొమురమ్మ తల ఎత్తి చూసింది.

"ఏంది మేడం, గంత దూరం నిలవడ్డరు? ఏం గావాలె?"

"అర కిలో... మేక మాంసమండి. కొవ్వు ఉండకూడదు, ఎముకలు ఉండకూడదు." అంటూనే గొంతు తగ్గించి, "మాకు కాదండి, పిల్లికి" అంది పుణ్యవతి.

అక్కడున్న ఒకాయన కిసుక్కున నవ్వాడు. కొమురమ్మ నవ్వలేదు.

"పానం బాగలేదా దానికి?"

ఆ ఒక్క మాటకే పుణ్యవతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏడాది నుంచీ కడుపు బాగుండట్లేదండి. ఏం పెట్టినా విరేచనాలే. డాక్టరమ్మ ఇదొక్కటే పెట్టి చూడమంది."

"ఫికర్ జెయ్యకున్రి" అని కొమురమ్మ మొగుడి వైపు తిరిగింది. "తొడది తియ్యి. కొవ్వంత తీసి సన్నగ కొట్టు." ముక్కలు కవర్లో వేసి, దాని మీద ఇంకో కవరు, ఆపైన పేపరు చుట్టి, ఎర్రటి చుక్క కూడా కనిపించకుండా చేసి చేతికిచ్చింది. పుణ్యవతి దాన్ని సంచిలో అడుగున పెట్టుకుని ఇల్లు చేరింది.

పుణ్యవతిది తణుకు దగ్గర ఊరు. పోస్టాఫీసులో ఉద్యోగం. బదిలీల మీద తిరిగి తిరిగి ఇరవై ఏళ్ల కింద హైదరాబాదు వచ్చి, చందానగర్లో రెండు గదుల ఫ్లాటు కొనుక్కుని స్థిరపడింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేది. అలా ఊరుకుంటూనే యాభై దాటింది. చెల్లెలి కూతురు రసజ్ఞకు నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక, ఆ పిల్ల కూడా పెద్దమ్మ దగ్గరే ఉంటోంది.

పిల్లిని తెచ్చింది రసజ్ఞే. రెండేళ్ల కింద ఒక వానాకాలం సాయంత్రం, ఆఫీసు సెల్లార్లో కారు చక్రం వెనక తడిసి ముద్దయిన పిల్లికూనను లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకొచ్చింది. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు చుక్కలు.

"రెండు రోజులే పెద్దమ్మా. ఎవరికైనా ఇచ్చేస్తాను" అంది.

"రెండు రోజులంటే రెండు రోజులే. వంటింట్లోకి రానిచ్చావంటే ఊరుకోను" అంది పుణ్యవతి.

మూడో రోజు దానికి గవ్వ అని పేరు పెట్టింది పుణ్యవతే. వారం తిరక్కుండా అది వంటింటి గట్టు కింద పీట మీద పడుకోవడం మొదలుపెట్టింది. ఆమె పోస్టాఫీసు నుంచి వచ్చి తాళం తీసే చప్పుడుకు పరుగెత్తుకొచ్చి, చీర కుచ్చెళ్ల చుట్టూ తిరిగేది. ఇరవై ఏళ్లుగా ఖాళీ ఇంటి తాళం తీసుకున్న మనిషికి అదెంత పెద్ద సంగతో రసజ్ఞకు కూడా తెలియదు.

ఏడాది నిండే సరికి గవ్వకు జబ్బు పట్టుకుంది. మొదట్లో నెలకోసారి వాంతి, రెండు రోజులు విరేచనాలు. తర్వాత వారానికోసారి. ఆపైన ఏ రోజూ తెరిపి లేదు. ఇసుక ట్రే దాకా కూడా పోలేక తలుపు మూల పాడుచేసి, తప్పు చేసినట్టు మంచం కింద దూరేది. చికెన్ ప్యాకెట్టు మానేసి చేప ప్యాకెట్టు తెచ్చారు. అది పడలేదని ఇంకో కంపెనీది తెచ్చారు. పురుగుల మందు తాగించారు. ఒక డాక్టరు రాసిన మందుతో ఐదు రోజులు బాగుండి, ఆరో రోజున మళ్లీ మొదటికి వచ్చింది. మూడున్నర కిలోల పిల్లి రెండున్నరకు దిగింది. వీపు నిమిరితే వెన్నుపూసలు వేళ్లకు తగిలేవి.

"ఎక్కడైనా చేపల మార్కెట్లో వదిలెయ్యక, ఈ వయసులో నీకెందుకక్కా ఈ చాకిరీ?" అని రసజ్ఞ వాళ్లమ్మ ఫోన్లో మందలించింది.

"జ్వరం వస్తే నిన్ను వదిలేశామా?" అని పుణ్యవతి ఫోను పెట్టేసింది. ఆ తర్వాత అంత మాట అన్నందుకు తానే బాధపడింది.

ఆఫీసులో ఎవరో చెబితే రసజ్ఞ ఒక బుధవారం సాయంత్రం పెద్దమ్మనూ గవ్వనూ బాచుపల్లి తీసుకెళ్లింది. డాక్టర్ ప్రవళికకు ముప్పై ఐదేళ్లుంటాయి. చిన్న క్లినిక్. గవ్వను బల్ల మీదకు దింపాక వెంటనే సూది తీయలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి నుంచీ చెప్పమంది. పుణ్యవతి ముప్పావుగంట చెప్పింది. ప్రవళిక ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు. మలం, రక్తం పరీక్షలు చేయించింది. పురుగులు లేవు, భయపడాల్సింది కూడా కనపడలేదు.

"ఆంటీ, తిండి పడక పేగులు వాచినట్టున్నయి. ఏది పడట్లేదో కనుక్కోవాలంటే, ఇది ఇప్పటిదాకా తిననిది ఒక్కటే పెట్టి చూడాలె. చికెన్, చేప అన్నీ తినేసింది. మేక మాంసం తినలేదు కద. ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి ఏదీ వద్దు. ఉడకబెట్టి, నేనిచ్చే పొడి కలిపి పెట్టండి. వట్టి మాంసంతో పిల్లికి కావలసినవన్నీ అందవు. ఎనిమిది వారాలు. ఇంకో మెతుకు తగలొద్దు."

వాంతులు తగ్గడానికి రోజూ సగం మాత్ర, వారానికో బీ ట్వెల్వ్ ఇంజెక్షను రాసింది.

బయటికొచ్చాక రసజ్ఞ, "నువ్వు ముట్టుకోవద్దు పెద్దమ్మా. ఆదివారం ఆదివారం నేను వండి ఫ్రిజ్‌లో పెడతాను" అంది. కానీ ఆ శుక్రవారమే ఆమెను కొత్త ప్రాజెక్టు మీద రెండు నెలలు పుణె పంపించారు. బస్సెక్కుతూ కూడా ఏడుపు మొహమే పెట్టింది. "వెళ్లిరా తల్లీ. నా చేతులు ఏం అరిగిపోవులే" అంది పుణ్యవతి.

కొమురమ్మ కట్టిచ్చిన పొట్లాం ఇంటికొచ్చింది ఆ తర్వాతి ఆదివారమే. బాల్కనీలో చిన్న ఇండక్షన్ పొయ్యి పెట్టి, కొత్త గిన్నె, కొత్త గరిటె విడిగా ఉంచింది పుణ్యవతి. నీళ్లు మరిగి వాసన లేచేసరికి కొంగు ముక్కుకు కట్టుకుంది. మొహం అవతలికి తిప్పుకుని, మధ్యమధ్యలో ఇంట్లోకొచ్చి గాలి పీల్చుకుని వెళ్లి, మొత్తానికి వండింది. చల్లారాక చేత్తోనే మెదిపింది. మెదుపుతున్నంత సేపూ కళ్లు మూసుకుంది. గిన్నె కింద పెట్టగానే గవ్వ వాసన చూసి, గబగబా అంతా తిని, అడుగు కూడా నాకింది. నెల రోజుల తర్వాత అది ఆకలిగా తినడం అదే. పుణ్యవతి బాల్కనీ గడప మీద చతికిలబడి దాన్నే చూస్తూ కూర్చుంది. చేతుల వాసన సంగతి ఆమెకు గుర్తే రాలేదు.

పది రోజులు బాగా గడిచాయి. పదకొండో రోజు మళ్లీ విరేచనాలు, వాంతి. డాక్టరుకు ఫోను చేసింది.

"ఇంకేమన్నా పెట్టారా ఆంటీ?"

"లేదండీ. ఆ మాంసం, మీరిచ్చిన పొడి, మాత్ర. అంతేనండి."

"సరే. దాని నోట్లోకి ఏది పోయినా, చుక్కతో సహా, మూడు రోజులు రాయండి. నీళ్లు గూడ."

పుణ్యవతి ఉత్తరాల మీద ముద్ర వేసినంత శ్రద్ధగా అన్నీ రాసింది. ఎంత చూసినా ఆ కాగితంలో తేడా ఏమీ కనపడలేదు. ఇక ఇది బతకదేమోనని మొదటిసారి అనిపించింది. బుధవారం మాంసం కోసం వెళ్లినప్పుడు కొమురమ్మ ఆమె మొహం చూసి, "ఏంది అక్కా, గట్ల పరేషాన్ ఉన్నవ్?" అంది. మేడం అనడం మానేసి వారమైంది. పుణ్యవతి చెప్పుకొచ్చింది.

కొమురమ్మ కత్తి తుడుస్తూ వింది. "మరి గోలి ఎట్ల మింగిస్తున్నవ్? పిల్లి ఊకెనే మింగదు కద."

"కొంచెం మీగడ పెరుగులో పెడతానండి. అదైతే నాకేస్తుంది."

"పెరుగా?"

"పెరుగు కడుపుకు మంచిదే కదండీ. దానికి ఒంట్లో బాగాలేనప్పుడల్లా అదే పెడతాను, చలవ చేస్తుందని. నిన్న కూడా మూడు చెంచాలు..."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. కొమురమ్మ కత్తి పక్కన పెట్టి మెల్లగా అంది. "మా మనుమరాలికి పాలు పడయి అక్కా. పెరుగు తిన్నా కడుపు గడబిడైతది. జర డాక్టరమ్మనడుగు."

పుణ్యవతి ఇంటికెళ్లి గవ్వను బుట్టలో పెట్టుకుని, ఆటో కట్టించుకుని తిన్నగా బాచుపల్లి పోయింది. ఆఫీసుకు సెలవు చెప్పాలన్న సంగతి కూడా దారిలో గుర్తొచ్చి ఫోను చేసింది. డాక్టరు ముందు కూర్చుని, "నేనే పెట్టానండి. చిన్నప్పటి నుంచీ పెట్టాను. ఎప్పుడు బాగాలేకపోయినా ఇంకో చెంచా పెట్టాను. నా చేత్తో నేనే..." అని కొంగుతో మొహం కప్పుకుంది. తాను రాసిన కాగితంలో పెరుగు లేదు. ఎందుకంటే ఆమెకది తిండి లెక్కలోకే రాలేదు. పెరుగంటే మందు, పెరుగంటే అమ్మ చెయ్యి.

ప్రవళిక గ్లాసుతో నీళ్లిచ్చింది. "ఇక్కడికొచ్చేటోళ్లల్ల సగం మంది పెరుగు సంగతి చెప్పరు ఆంటీ. నేనన్నా పేరు పెట్టి అడగాల్సింది. ప్రేమతోనే పెట్టిన్రు. ఇప్పుడు తెలిసింది, ఇగ మానేద్దాం." తర్వాత బల్ల మీద గవ్వను పెట్టించి, దవడ ఎముకల దగ్గర మెత్తగా పట్టుకుని, తల కొంచెం పైకెత్తి మాత్ర నాలుక వెనక ఎలా వేయాలో, వెంటనే సిరంజితో నాలుగు చుక్కల నీళ్లు ఎలా పట్టాలో నేర్పింది. పుణ్యవతి చేత మూడుసార్లు చేయించి గానీ పంపలేదు.

ఇంట్లో పెరుగు తోడు పెట్టడం కొన్నాళ్లు మానేసింది పుణ్యవతి. తను మజ్జిగ పోస్టాఫీసులోనే తాగేది. నాలుగో రోజుకు గవ్వ ఇసుక ట్రేలో గట్టి మలం కనిపించింది. పుణ్యవతి దాన్ని ఫోటో తీసి పుణె పంపింది. రసజ్ఞ మీటింగులోంచి లేచి ఫోను చేసి, "పెద్దమ్మా, జీవితంలో ఇంత మంచి ఫోటో ఎవరూ పంపలేదు నాకు" అని ఏడుస్తూ నవ్వింది.

ఎనిమిది వారాల తర్వాత డాక్టరు చెప్పినట్టే ఒక చికెన్ ముక్క పెట్టి చూశారు. రెండో రోజే కడుపు చెడింది. అంటే పాలతో పాటు కోడి కూడా పడదన్నమాట. మేక మాంసమే ఖాయం చేశారు. ఇది మందుతో పోయే జబ్బు కాదని, జాగ్రత్తగా చూసుకుంటూ ఉండాల్సిందేనని ప్రవళిక ముందే చెప్పింది. ఇప్పటికీ రెండు మూడు నెలలకోసారి ఓ చెడ్డ రోజు వస్తుంది. కానీ ఏం చెయ్యాలో తెలుసు కనుక పుణ్యవతి కంగారు పడదు. గవ్వ మూడు కిలోల మూడు వందల గ్రాములకు వచ్చింది. కిటికీ గట్టు మీదికి ఎగురుతోంది.

అక్టోబరు ఒకటిన కొమురమ్మ ఫోను చేసి, "రేపు గాంధీ జయంతి, దుకాణం బంద్. రెండు దినాలది ఇప్పుడే తీస్కపో అక్కా" అని గుర్తు చేసింది. పుణ్యవతి వెళ్లి తీసుకుని, వచ్చేముందు అంది.

"రేపు నీకూ తీరికే కదా. మా ఇంటికి రావాలి."

"నేనా? మీ ఇంటికా?" కొమురమ్మ చేతులు చూసుకుంది. "మీరు నీసు తినరు కద అక్కా."

"నువ్వు రాకపోతే నాకు కష్టంగా ఉంటుంది."

మర్నాడు కొమురమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగబోతే పుణ్యవతి చెయ్యి పట్టుకుని వంటింట్లోకే తీసుకెళ్లింది. పుణె నుంచి వచ్చేసిన రసజ్ఞ కుర్చీ తెచ్చి వేసింది. కొత్తవాళ్లు వస్తే మంచం కింద దూరే గవ్వ నేరుగా వచ్చి కొమురమ్మ పాదాలు వాసన చూసి, చీర అంచుకు తల రుద్దింది.

"నా దగ్గర మటన్ వాసనొస్తదేమో దీనికి" అని కొమురమ్మ పకపకా నవ్వింది. రసజ్ఞ కూడా నవ్వింది.

పులిహోర, అరటికాయ వేపుడు, సేమ్యా పాయసం వడ్డించింది పుణ్యవతి. ఎదురుగా కూర్చుని, ముందు రోజు నుంచీ అనుకుంటున్న మాటలు చెప్పింది. "నువ్వూ డాక్టరమ్మా లేకపోతే ఇది ఉండేది కాదు కొమురమ్మా. డాక్టరమ్మ ఓపికగా విన్నది. నువ్వు నవ్వకుండా అడిగావు. ఆ రోజు నువ్వు కూడా నవ్వి ఉంటే, నేను ఆ స్తంభం దగ్గర నుంచే ఇంటికొచ్చేసేదాన్ని."

"నేనేం జేసిన అక్కా, గోలి సంగతి అడిగిన, గంతే." కొమురమ్మ తల వంచుకుని పులిహోర ముద్ద తీసుకుంది. కాసేపటికి, "మా ఇంటాయన గూడ రోజు అడుగుతడు, పిల్లి ఎట్లున్నదని. దానికని ముందే మంచి ముక్క పక్కకు పెడతడు" అంది.

ఆ సంగతి పుణ్యవతికి అప్పటిదాకా తెలియదు. లేచి స్టీలు డబ్బా కడిగి తుడిచి, లింగయ్య కోసం దాని నిండా పులిహోర సర్దింది. మూత పెడుతుంటే గవ్వ పీట మీద వెల్లకిలా పడుకుని, నిండిన పొట్ట పైకి చూపిస్తూ నిద్రపోతోంది.