ఎర్రర్ పేజీలో చివరి వరుస

మా కళాశాలలో కంప్యూటర్లు నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లవు. అవి అడిగిన ప్రతి పేజీనీ ప్రాక్సీ సర్వర్ అనే యంత్రం తెచ్చి అందిస్తుంది. ఆ యంత్రమూ దాని కేబుళ్లూ భౌతికశాస్త్రం చెప్పే నా బాధ్యత, గణితం చెప్పే నా మిత్రుడి బాధ్యత. మేమిద్దరం కోరమండల్ అనే బంగారు గనుల పేటలో, కార్మికులకు వరుసగా కట్టిన లైనిళ్లలో, ఒకే గోడకు అటూ ఇటూ పెరిగినవాళ్లం.

ఆ ఏడాది వేసవి సెలవుల తరువాత ల్యాబ్‌లో పేజీలు మొరాయించడం మొదలైంది. పూర్తిగా ఆగిపోయే యంత్రంలో తప్పు పట్టుకోవడం సులభం. ఇది అలాంటిది కాదు. పేజీ బదులు ఎర్రర్ వచ్చేది. మళ్లీ నొక్కితే ఏమీ జరగనట్టు పేజీ తెరుచుకునేది. విద్యార్థులు స్కాలర్‌షిప్ దరఖాస్తు అంతా నింపి, పంపబోయే క్షణాన పోగొట్టుకునేవారు. నింద మాత్రం ల్యాబ్ చూసుకునే ఆవిడ మీద పడింది. ఆవిడ బైరకూరు నుంచి బస్సులో వచ్చే కాంట్రాక్టు ఉద్యోగి. కాంట్రాక్టు ముగిసేలోగా ఎర్రర్లు ఆగకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని ప్రిన్సిపాల్ ఆమెకు మా ముందే చెప్పారు.

ఆమె తరఫున నోరు విప్పింది నా మిత్రుడు ఒక్కడే.

"ఆయమ్మని అంటే ఏమి లాభం సార్? కింద నేల అదరతా ఉండాది. ఏర్‌బ్లాస్టుకి కేబుల్ కదిలితే ఆయమ్మ ఏమి చేస్తాది?"

గని లోతుల్లో రాయి ఒత్తిడికి పగిలి నేల అదరడాన్ని మా ఊళ్లో ఏర్‌బ్లాస్టు అంటారు. గనులు మూతపడ్డాక కూడా అప్పుడప్పుడూ ఏదో అదిరినట్టు ఉంటుంది. గనిలో పనిచేసే రోజుల్లో మా నాన్నకు ఒక చెవి వినికిడి పోయింది అలాంటి దాని వల్లనే. అందుకని ఆ మాటను తోసిపుచ్చలేకపోయాను. పరీక్షించకుండా నమ్మనూ లేకపోయాను. సర్వర్ బల్ల మీద వెడల్పాటి గాజు పళ్లెంలో నీళ్లు పోసి ఉంచాను.

"ఏమ్మా, సర్వర్‌కి దాహమా?" అన్నాడు మిత్రుడు నాతో.

"నీళ్లు కదల్లేదప్పా. పేజీ మాత్రం పోయింది."

"అంత సన్న అదురు నీ పళ్లేనికి యాడ తెలుస్తాది?"

"పళ్లేనికి తెలియంది కేబుల్‌కి తెలిసిందా?"

"నువ్వు మీ నాయన్ని కూడా సర్టిఫికెట్ అడిగే రకం," అన్నాడు. ల్యాబ్ ఆవిడ కూడా నవ్వేసింది. ఆ రోజుల్లో ఆమె నవ్వగా నేను చూడడం అదొక్కసారే.

తరువాత బ్రౌజర్లలో పేరుకున్న పాత పేజీలను తుడిచాం. బ్రౌజర్లు మార్చాం, కేబుళ్లు మార్చాం. అతను నాతోపాటే బల్లల కింద దూరాడు, చొక్కాకు దుమ్ము పట్టించుకున్నాడు. ఎర్రర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం అతను క్లాసులో ఉండగా, ఎర్రర్ పేజీని చివరి దాకా చదివాను. పెద్ద అక్షరాలు కనపడగానే మళ్లీ నొక్కడం మా అందరికీ అలవాటై, కింద ఏముందో ఎవరమూ చూడలేదు. ఆ పేజీని పంపిన యంత్రానికి, దాన్ని అమర్చినవాళ్లు పెట్టిన పేరు చివరి వరుసలో సన్నగా ఉంటుంది. అక్కడ ఉన్నది మా సర్వర్ పేరు కాదు. మేము పెరిగిన లైను పేరు, దాని పక్కన నా మిత్రుడి ఇంటి నంబరు.

పేరు ఒక్కటే రుజువు కాదు. కంప్యూటర్ల సెట్టింగులు తెరిచాను. నేను ఎరిగిన ప్రాక్సీతోపాటు రెండో ప్రాక్సీ చిరునామా అందులో ఉంది. పేజీల కోసం కంప్యూటర్లు రెండింటినీ మార్చి మార్చి అడుగుతున్నాయి. ఒక కంప్యూటర్‌ను పాతదానికే కట్టేశాను: ఒక్క ఎర్రర్ రాలేదు. ఇంకోదాన్ని కొత్తదానికి కట్టేశాను: ల్యాబ్ నిండగానే ఎర్రర్లు వరసకట్టాయి. కేబుళ్లన్నీ కలిసే స్విచ్ పెట్టె నుంచి అదనపు కేబుల్ వెంట నడిస్తే అది గణితం గదిలోకి, బీరువా వెనక్కి పోయింది. అక్కడ పాత కంప్యూటర్ ఒకటి వేడెక్కి మూలుగుతోంది. దాని డిస్కులో ఖాళీ లేదు.

మిత్రుడు క్లాసు ముగించుకుని వచ్చి, నన్ను చూసి వాకిట్లోనే ఆగాడు.

"ఇది యాడిదప్పా?" అన్నాను.

"సెలవుల్లో పెట్టినాను. రెండుంటే స్పీడు పెరుగుతాది అనుకొంటిని. పెరిగినాక సార్‌కి చెప్దామని..."

"ఎర్రర్లు దీంతోనే అని ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదట్లోనే."

"మరి నాతో బల్లల కింద ఎందుకు దూరినావు?"

"నువ్వు ఒక్కదానివే దూరతా ఉంటే చూస్తా కూర్చుంటే బాగుంటాదా?"

"ఆయమ్మ పని పోతా ఉండాది కదప్పా!"

"ఆయమ్మ కోసం మాట్లాడినాను కదమ్మా. ఏర్‌బ్లాస్టు అని చెప్పింది నేనే కదా."

అతని గొంతులో నిజంగానే నొచ్చుకున్న ధ్వని ఉంది. చెప్పడానికి ఏ అబద్ధమైనా దొరికేది. నేను కొట్టిపారేయడానికి వెనుకాడే ఒక్క మాటను అతను ఏరుకున్నాడు. ఆ మాట దగ్గర నేను ఎందుకు తడబడతానో ఆ కళాశాలలో అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

"ఇంగ కేబుల్ పీకేస్తాను. అన్నీ సరిపోతాయి. ఎవరికీ చెప్పొద్దు," అన్నాడు.

పీకేస్తే ఎర్రర్లు ఆగేవి. కారణం తెలియకుండా ఆగిన తప్పు ఆవిడ పేరు మీదే మిగిలిపోయేది. నేను కేబుల్ ముట్టనివ్వలేదు. ప్రిన్సిపాల్‌నూ ఆవిడనూ అక్కడికే పిలిపించాను. ఆ కేబుల్ ఉండగా ఎర్రర్లు వచ్చాయి; తీస్తే ఆగాయి. ప్రిన్సిపాల్ మళ్లీ పెట్టి చూపమన్నారు. మళ్లీ వచ్చాయి. కాంట్రాక్టు పొడిగిస్తామని ఆయన ఆవిడతో అక్కడే అన్నారు.

మిత్రుడు నన్ను దాటి వెళ్తూ, "లైనులో పుట్టినదానివి, నన్నే పట్టిచ్చినావు," అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

ల్యాబ్‌కు తిరిగి వచ్చాక ఆవిడ అడిగింది. "ఆ సార్‌కి మొదట్నించీ తెలుసా అమ్మా?"

"తెలుసు."

"నాకోసం మాట్లాడినాడని మా తోట మామిడికాయలు మూట కట్టి వాళ్లింటికి పంపిస్తి. ఊరగాయ పెట్టినాము, బాగుండాది అని మొన్న కూడా చెప్పినాడు."

ఆ ఊరగాయ ఒక జాడీ మా ఇంటికీ వచ్చింది. బాగుందని అతనికి నేనూ చెప్పాను.