నాన్న కుడిచెయ్యి, ఒక దరఖాస్తు

సునామీకి ముందు మా అమ్మా నాన్నా వేరే దీవిలో, హట్ బేలో, జెట్టీకి దగ్గర్లో చిన్న కిరాణా కొట్టు నడిపేవారు. నాకు పెళ్ళయి పోర్ట్ బ్లెయిర్‌లో, హాడోలో కాపురం. ఆ ఆదివారం ఉదయం సముద్రం అమ్మను తీసుకుపోయింది. కొన్ని రోజుల తర్వాత బాధితులను తెచ్చిన ఓడలోంచి నాన్న ఒక్కడే హాడో రేవులో దిగాడు. కుడిచెయ్యి మెడకు కట్టిన చీరముక్కలో వేలాడుతోంది.

“మీ అమ్మ పోయిందమ్మా” అన్నాడు. ఎలా పోయిందో చెప్పలేదు. నేను అడగలేదు. ఇద్దరూ ఒకే నీళ్ళలో ఉన్నారు కదా, ఈయన ఒక్కడే ఎలా వచ్చాడు అన్న ప్రశ్న మాత్రం నాలో ఉండిపోయింది. అన్నం వడ్డిస్తున్నప్పుడూ, మందులిస్తున్నప్పుడూ అది నా గొంతులో కాస్త కటువుగా పలికేదేమో.

భుజం దగ్గర నరాలు తెగాయి, ఇక ఈ చేతిలోకి కదలిక రాదు అన్నారు డాక్టర్లు. చెయ్యి నెలనెలకూ సన్నబడిపోయింది. నాన్న దానిమీద ఎప్పుడూ తువ్వాలు కప్పుకునేవాడు. ఎడమచేత్తో తినడం ఎవరూ చూడకూడదని గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

రెండేళ్ళు గడిచాక వికలాంగుల పింఛనుకు దరఖాస్తు పెడదామన్నాను.

“నాను అవిటోణ్ణేటి?” అని కసిరాడు.

ఆ వారమే మాకు తెలిసినవాళ్ళ కొట్లో పొట్లాలు కట్టే పనికని వెళ్ళి, మధ్యాహ్నానికే తిరిగొచ్చేశాడు. ముప్పై ఏళ్ళు అదే పని చేసిన మనిషి. ఒంటిచేత్తో పురికొస ముడి పడలేదట. గుమ్మంలోనే చతికిలబడి, “సరేనమ్మా, రాసీ” అన్నాడు.

ఫారం తెచ్చుకుని కాగితాలు పోగుచేయడం మొదలుపెట్టాను. రేషన్ కార్డు కొట్టుతోపాటే కొట్టుకుపోయింది కాబట్టి కొత్తగా నకలు కార్డు తీయించాను. పాస్‌పోర్టు సైజు ఫోటో తీయించి, అన్నీ సరిపోయాయో లేదో కనుక్కుందామని డెలానీపూర్‌లోని పింఛన్ల ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా మంచివాడే. ఫోటో చూసి తల అడ్డంగా ఊపాడు.

“యే నహీ చలేగా దీదీ. మొహం ఒక్కటీ చాలదు, చెయ్యి కనపడాల.”

మళ్ళీ స్టూడియోకి వెళ్ళాం. నాన్న తువ్వాలు తీయలేదు. నేనే తీశాను. బొమికలకు అంటుకుపోయిన ఆ చేతిని రెండేళ్ళలో అంత వెలుతురులో చూడటం నాకదే మొదటిసారి. ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ నాన్న కళ్ళు మూసుకున్నాడు. మూడుసార్లు తీయాల్సి వచ్చింది.

మర్నాడు భోజనాలయ్యాక ఫారం నింపడానికి కూర్చున్నాం. పేరు, పుట్టిన ఊరు, ద్వీపాలకు వచ్చిన ఏడాది అడిగి రాసుకుంటూ పోయాను. తర్వాతి గడిలో ‘వైకల్యం ఎలా కలిగింది’ అని ఉంది. చదివి వినిపించాను. నాన్న తువ్వాలు చేతిమీదికి సర్దుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

“మొదట వొచ్చిన నీళ్ళు ఎనక్కెళ్ళిపోనాయి. మీ అమ్మ బియ్యం బస్తా పైన పెడదారని కొట్లోకి దిగింది. అంతలో పెద్దది వొచ్చీసింది. నాను కొబ్బరిసెట్టుని ఎడంసేత్తో కావిలించుకున్నాను. కొట్లోంచి కొట్టుకొస్తన్న మీ అమ్మ మణికట్టు కుడిసేత్తో పట్టుకున్నాను. ‘ఒగ్గీకయ్యా, సెయ్యి వొదిలీకు’ అంది. డిపోలో కలప దుంగలన్నీ నీళ్ళలో వొస్తన్నాయి. ఒకటొచ్చి భుజానికి తగిలింది. నొప్పి తెల్నేదమ్మా. నానింకా పట్టుకునే ఉన్నాననుకుంటన్నాను. సూస్తే వేళ్ళు ఇప్పుకుంటన్నాయి. ముయ్యమంటే ముయ్యవు.”

పెన్ను నా చేతిలోనే ఉంది.

“నాను ఒగ్గీనేదు తల్లీ” అన్నాడు. నన్ను ఒప్పించడానికి అన్నట్టు ఇంకోసారి, “ఒగ్గీనేదు” అన్నాడు.

ఏం రాయాలో తెలియక అడిగాను.

“దుంగ తగిలిందని రాయి. మీ అమ్మ ఊసు వొద్దు. ఆఫీసోళ్ళు సదూతారు.”

ఒక్క వాక్యం రాశాను: ‘సునామీలో కొట్టుకొచ్చిన దుంగ తగిలి కుడిచెయ్యి చచ్చుబడింది.’ అందులో అబద్ధమేమీ లేదు. గడిలో ఇంకా సగం చోటు మిగిలింది.

దరఖాస్తుకు జతచేయడానికి డాక్టర్ల బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ ఒక్కటే మిగిలింది. ఆస్పత్రిలో మా వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. కుర్ర డాక్టరు నాన్న చేతిని మెల్లగా ఎత్తి, వదిలి, మళ్ళీ ఎత్తి చూశాడు. తర్వాత తన రెండు వేళ్ళను నాన్న అరచేతిలో పెట్టాడు.

“పకడో బాబూజీ. గట్టిగా పట్టుకోండి, జోర్ సే.”

రాదని నాన్నకు తెలుసు. అయినా ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి, దవడ బిగుసుకుంది, ఎడమచెయ్యి దానంతటదే పిడికిలి పట్టింది. కుడిచేతి వేళ్ళు మాత్రం డాక్టరు వేళ్ళ మీద తెరుచుకునే ఉన్నాయి.

“బస్, బస్, చాలు” అన్నాడు డాక్టరు.

నాన్న ఆపలేదు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నా ఆ వేళ్ళనే చూస్తూ బిగించాలని చూస్తున్నాడు. చివరికి నేనే వెళ్ళి భుజం పట్టుకుని కుర్చీలో వెనక్కి ఆనించాను. ఎందుకు ఏడుస్తున్నాడో ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. నొప్పి పుట్టిందనుకుని డాక్టరు క్షమాపణ చెప్పాడు.

సర్టిఫికెట్‌లో ‘శాశ్వతం’ అని రాశారు. దరఖాస్తు ఇచ్చిన కొన్ని నెలలకు పింఛను మంజూరైంది. నాన్న మా ఇంట్లోనే ఇంకో ఆరేళ్ళు బతికాడు. ఆ ఫారం ముందు కూర్చుని చెప్పిన మాటలు మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

రెండేళ్ళపాటు నేను ఏమని అనుమానించానో ఆయనకు చెప్పలేదు. క్షమించమని అడగాలని ఎన్నోసార్లు దగ్గరికెళ్ళి కూర్చున్నాను. అడిగితే, నేను అలా అనుకున్నానన్న సంగతి ఆయనకు తెలిసిపోతుంది. అందుకని ఏదో ఒకటి మాట్లాడి లేచి వచ్చేసేదాన్ని.