చూరు లేని ఇల్లు

చూరంటే గోడ దాటి కిందికి వంగిన ఇంటికప్పు అంచు. వాన నీళ్లు జారేది దాని మీద నుంచే. మేడల్లో పుట్టినవాళ్లకు అంతవరకే తెలుసు. బాపట్ల దిగువన సముద్రపొడ్డున తాటాకు పాకలో కాపరం చేసిన కోటిరత్నాన్ని అడిగితే మాత్రం, చూరంటే దువ్వెన ఉండే చోటంటుంది. వల బాగుచేసే సూది, తలనొప్పి మాత్ర, చుట్టిపెట్టిన తాడు, అన్నీ ఆ తాటాకుల మధ్య దోపాల్సిందే. కాపరానికొచ్చిన రోజున అత్తగారు ముందు చూపించింది పొయ్యి కాదు, చూరు.

అందులో ఒక మూల ఆమె భర్త ఏడుకొండలిది. పడవలో తడిసిపోతుందని వేటకు పోయేముందు బీడీకట్ట అక్కడ దోపి పోయేవాడు. తిరిగొచ్చాక పెళ్లాన్ని పలకరించకముందే చెయ్యి చూరు మీదికి పోయేది. “నాకంటే చూరే ముద్దు ఈయనకి” అని ఆమె దెప్పేది.

డెబ్భై ఏడు ఉప్పెనకు ముందు కూడా అలాగే దోపి పడవెక్కాడు. పడవ రాలేదు. మనిషి రాలేదు, శవమూ దొరకలేదు. పాక ఆనవాలు లేకుండా కొట్టుకుపోయింది. చేపలమ్మడానికి బాపట్ల పోయి, గాలివానకు అక్కడే చిక్కుబడ్డ కోటిరత్నం ఒక్కతే మిగిలింది.

మరుసటేడు గవర్నమెంటువారు వరసగా కాంక్రీటు ఇళ్లు కట్టించి, ఒకటి ఆమెకిచ్చారు. గట్టి ఇల్లే, వంక పెట్టడానికి లేదు. గాలికి కదలదు, వానకి కారదు. అయినా అందులో ఆమెకు ఏమీ తోచేది కాదు. పొద్దున్నే దువ్వెన కోసం చెయ్యెత్తితే వట్టి గాలి తగిలేది. సూది ఎక్కడ పెట్టిందో గుర్తుండేది కాదు. బజారులో కొన్న బీడీకట్ట పట్టుకుని గదంతా తిరిగేది. గూట్లో పెడదామంటే, ఆయన గూట్లో వెతకడే!

పక్కింటి వీరరాఘవమ్మకు ఇదంతా చూసి ఒళ్లు మండేది. “పోయినోడు పోయాడే. ఇంకా ఆ చూరు పట్టుకుని వేలాడతావేంటే?”

కోటిరత్నానికి ఏడవాలో కోప్పడాలో తెలిసేది కాదు. పోయాడని అందరూ అనేవాళ్లే, పోగా చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

చివరికి నాలుగు తాటాకులు తెచ్చి, తలుపు మీద వెదురుబద్దకు కట్టి, తనే ఒక చిన్న చూరు దించుకుంది. ఇళ్లు తనిఖీ చెయ్యడానికొచ్చిన ఇంజనీరు సంజీవరావు కంట అది పడనే పడింది.

“ఇదేంటమ్మా? నిప్పంటుకుంటే? తీసెయ్యి. పైన సన్‌షేడ్ వేశాంగా, అదే చూరనుకో.”

ఆమె ఆ సిమెంటు పలకను కింద నుంచి తడిమి చూసింది. గోరు కూడా దూరలేదు.

“తీసేస్తానండి బాబూ. మరి ఆయనొస్తే, ఇది మా ఇల్లని ఎట్టా తెలుస్తుందండి?”

సంజీవరావు, నువ్వైనా చెప్పమన్నట్టు, పక్క గుమ్మంలో నిలబడ్డ వీరరాఘవమ్మ వైపు చూశాడు. ఏడాదిగా అంటున్న మాటే మళ్లీ అంటుందని కోటిరత్నం తల దించుకుంది.

వీరరాఘవమ్మ తాటాకుల కిందికొచ్చి తలెత్తి చూసింది. గట్టిగా కసురుకుంది.

“అంత పైన కట్టావేంటే, మతిలేనిదానా? కాస్త కిందికి దించు. మీ ఆయన పొట్టోడు గదా, చెయ్యందొద్దూ?”