తెల్ల జెర్సీలకు అమ్మ పెట్టిన పసుపు

మా చిన్నతనంలో శనివారం మధ్యాహ్నమైతే ఊరంతా ఫుట్‌బాల్ గ్రౌండ్‌లోనే ఉండేది...

ఇంగ్లండ్‌లో అదొక చిన్న నూలుమిల్లు ఊరు. నాన్న అక్కడి ఆసుపత్రిలో పనిచేసేవారు. మిల్లు కార్మికులు ఏనాడో చర్చి వెనక బీడులో మొదలుపెట్టిన క్లబ్ అది. ఆటగాళ్ళంతా ఊరివాళ్ళే.

మేము తప్ప అక్కడ తెలుగువాళ్ళు లేరు. అమ్మతో ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. అలాంటిది ఒకరోజు, గ్రౌండ్‌లో టీ అమ్మే మార్గరెట్ ఆంటీ కొత్త తెల్ల జెర్సీల మూట తెచ్చి, వీపున అంకెలు కుట్టిపెట్టమని అడిగింది. అమ్మ మొహం వెలిగిపోయింది... దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ మిషను ముందు కూర్చుంది.

అన్నీ కుట్టి, మడతపెట్టి, ఒక్కో కాలరుకూ ఇంత పసుపు పెట్టింది!

నాన్న నెత్తి పట్టుకున్నారు. "సుభద్రా! అవేమన్నా మన పిల్ల గౌన్లా?"

"కొత్తబట్ట పసుపు పెట్టకుండా ఎలా ఇస్తామండీ?"

నాన్న గబగబా ఒకదాన్ని సబ్బుతో రుద్దారు. పసుపు మరక కాస్తా ఎర్రబడింది.

"బాగుంది, కుంకుమ మీరు పెట్టారు" అని నవ్వింది అమ్మ... కానీ కళ్ళలో నీళ్ళు. నమ్మి ఇచ్చిన ఒక్క పనీ పాడుచేశానని, ఇక ఈ ఊళ్ళో తనను ఎవరూ పిలవరని ఆమె భయం. శనివారం గ్రౌండ్‌కి రానంది. నాన్నే జెర్సీలు పట్టుకెళ్ళి, అది మా ఆచారమని చెప్పుకున్నారు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. గోల్‌కీపర్ బిల్లీ! అతని ఆకుపచ్చ జెర్సీ పాతదే, అమ్మ దగ్గరకు రానేలేదు.

"అందరికీ పెట్టి నన్ను వదిలేశారేం? గోల్స్ ఆపాల్సింది నేనే కదా!"

అమ్మ పసుపు భరిణె తెచ్చి, గుమ్మంలోనే అతని కాలరుకు పెట్టింది... కొంగుతో కళ్ళు తుడుచుకుని, అతని వెంటే గ్రౌండ్‌కి నడిచింది.

ఆ రోజు మావాళ్ళు చిత్తుగా ఓడిపోయారు! అయినా పసుపును ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ తరవాత కొత్త జెర్సీలు ఎప్పుడొచ్చినా ముందు మా గుమ్మానికే వచ్చేవి.

తరవాత మిల్లు మూతపడింది. జనం వేరే ఊళ్ళకు వెళ్ళిపోయారు. గ్రౌండ్ అమ్మేశారు... ఇప్పుడక్కడ సూపర్‌మార్కెట్ పార్కింగ్ ఉందట. చివరిసారి వచ్చిన జెర్సీలకూ అమ్మ పసుపు పెట్టింది. వాటిని వేసుకుని ఆడే ఆటే లేకుండా పోయింది.

ఇప్పుడు అమ్మ లేదు. భరిణె నాతోపాటు అమెరికాలోని నోవైకి వచ్చింది. మొన్న మా అబ్బాయి సాకర్ జెర్సీ, పేరూ అంకే అచ్చువేసి, ప్యాకెట్‌లో వచ్చింది. నేను పసుపు తియ్యగానే, "అమ్మా ప్లీజ్, స్టెయిన్ అవుతుంది" అని లాక్కుని పరిగెత్తాడు. వాడి తప్పేం లేదు, పిల్లవాడు... వేలికంటిన పసుపును గడపకే రాశాను.

మీ ఇంట్లో కొత్తబట్టలకు పసుపు ఎవరు పెట్టేవారు?... ఇప్పుడు ఎవరైనా అడిగి పెట్టించుకుంటున్నారా?